పాత స్కూలు కుర్చీలను ‘ప్రూవే’ అని అమ్ముతున్నారు, కొనొచ్చా?

గోదారిపిల్ల (లియోన్)

అందరికీ నమస్కారం. పాత ఫర్నిచర్ గురించి బాగా తెలిసినవాళ్లు ఈ గ్రూపులో ఉన్నారని ఫ్రెండ్ చెబితే రాస్తున్నాను.

మేముండేది లియోన్‌లో. ఊరి బయట పాత సామాన్లు అమ్మే ఒకాయన దగ్గర నాలుగు కుర్చీలు చూశాం. ఇనుప చట్రం, ప్లైవుడ్ సీటు, ఆనుకోవడానికి ఇంకో ప్లైవుడ్ పలక. ముదురాకుపచ్చ రంగు, చాలాచోట్ల పెచ్చులూడిపోయింది. మూతపడిన ఒక స్కూల్లోంచి తెచ్చానని, నాలుగూ ఫ్రెంచి డిజైనర్ జాన్ ప్రూవే చేసినవేనని అంటున్నాడు. ఒక్కోటి 1,800 యూరోలు. నాలుగూ తీసుకుంటే కొంత తగ్గిస్తాడట.

కుర్చీలు మాకిద్దరికీ నచ్చాయి. కానీ ఆ డబ్బుతో మా ఇంట్లో సగం సామాను వచ్చేస్తుంది. అసలువో కావో తెలుసుకునే దారి ఉందా? రెండు ఫొటోలు పెడుతున్నాను. వెనక నుంచి తీయడం కుదరలేదు.

---

ఉక్కునగరం (విశాఖపట్నం)

గోదారిపిల్ల గారూ, వెనక ఫొటో లేకుండా ఈ కుర్చీ గురించి ఎవరూ ఏమీ చెప్పలేరండీ. ప్రూవే పనితనమంతా వెనక కాళ్లలోనే ఉంటుంది.

నాది ఫ్యాబ్రికేషన్ షాపు. షీట్ మెటల్ పనిలో పుట్టి పెరిగినవాణ్ని కాబట్టి ఆ వైపు నుంచి చెబుతాను. మనం కుర్చీలో కూర్చుని వెనక్కి వాలితే బరువంతా ఎక్కడికి పోతుంది? సీటూ, వెనక కాలూ కలిసే చోటుకి. కుర్చీలు విరిగేదీ అక్కడే. ముందు కాళ్ల మీద పడేది చాలా తక్కువ. 1934లో ప్రూవే చేసిన కుర్చీలో (దాన్నే తర్వాత స్టాండర్డ్ అన్నారు) ముందు కాళ్లు మామూలు స్టీలు గొట్టాలు. వెనక కాళ్లు మాత్రం గొట్టాలు కావు. స్టీలు రేకుని మడిచి, అంచులు కలిపి వెల్డ్ చేసిన బోలు కాళ్లు. సీటు ఎత్తు దగ్గర బాగా వెడల్పుగా ఉంటాయి. అక్కడి నుంచి కిందికి పోయేకొద్దీ సన్నబడతాయి, పైకి పోయేకొద్దీ సన్నబడతాయి. బలం ఎక్కడ కావాలో అక్కడే లోహం పెట్టాడు. పక్క నుంచి చూస్తే బరువు దారి కంటికి కనబడుతుంది. రేకు మడత మీద అంత నమ్మకం ఉన్న డిజైనర్ ఇంకొకరు నాకు కనబడలేదు.

కాబట్టి ఇంకోసారి వెళ్లినప్పుడు వెనక కాలు చూడండి. గుండ్రటి గొట్టమైతే అక్కడితో ఆగిపోవచ్చు. మడిచిన రేకైతే వెల్డింగ్ దగ్గర నుంచి ఫొటో తీయండి. సీటు కింద ఇంకో ఫొటో, స్క్రూల తలలవి ఇంకోటి.

---

పాతసామాను (పారిస్)

ఉక్కునగరం గారు చెప్పింది అక్షరాలా నిజం. నేను చాలా ఏళ్లుగా ఇక్కడ ద్రూవో వేలాల చుట్టూ, సేంట్ ఊవాన్ సంత చుట్టూ తిరుగుతున్నాను. దానికి కొంత కలుపుతాను.

ముందు మనిషి గురించి. ప్రూవే 1901లో పుట్టాడు, పెరిగింది తూర్పు ఫ్రాన్స్‌లోని నాన్సీ నగరంలో. తండ్రి విక్టర్ పేరున్న చిత్రకారుడు. కొడుకు మాత్రం కమ్మరి పని నేర్చుకుని 1924లో నాన్సీలో సొంత వర్క్‌షాపు పెట్టాడు. మొదట్లో చేసినవి గ్రిల్లులు, గేట్లు, మెట్ల రెయిలింగులు. రేకు మడిచే యంత్రం, ఎలక్ట్రిక్ వెల్డింగ్ వచ్చాక ఫర్నిచర్‌కీ, ఇళ్లకీ ఒకే పద్ధతి వాడాడు. యుద్ధకాలంలో స్టీలు దొరక్కపోతే అదే కుర్చీని పూర్తిగా చెక్కతో చేశాడు. 1947లో నాన్సీ పక్కన మాక్సెవిల్‌లో ఫ్యాక్టరీ. 1953లో పెట్టుబడి పెట్టిన అల్యూమినియం కంపెనీ పట్టు బిగించడంతో ఆయన అందులోంచి బయటికొచ్చేశాడు. ఆ తర్వాత పారిస్‌లో స్టెఫ్ సిమోన్ గ్యాలరీ 1956 నుంచి ఆయన ఫర్నిచర్, ఇంకో డిజైనర్ షార్లొట్ పెరియాన్ ఫర్నిచర్ కలిపి అమ్మింది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ‘ప్రూవే కుర్చీ’ అంటే ఒక్కటి కాదు. 1934 నాటిది, యుద్ధకాలపు చెక్కది, తర్వాత వచ్చిన విడదీయగలిగే రకం, ఇలా చాలా ఉన్నాయి. పైగా స్విట్జర్లాండ్ కంపెనీ విట్రా 2002 నుంచి హక్కులు తీసుకుని కొత్తవి చేస్తోంది. అవి మంచి కుర్చీలే, కానీ ధర పాతవాటి దరిదాపుల్లో ఉండదు. మీ అమ్మకందారు చెప్పిన 1,800 పాతదానికి అనుమానం కలిగించేంత తక్కువ, నకలుకి మరీ ఎక్కువ. ఆ మధ్య ధర దగ్గరే జనం ఎక్కువగా మోసపోతారు.

రెండో మాట. ప్రూవే సామాన్ల మీద చాలావాటికి ముద్ర గానీ సంతకం గానీ ఉండదు. అందుకే ‘ఎక్కడి నుంచి వచ్చింది’ అనేదే అసలు సాక్ష్యం. ఏ స్కూలు, ఏ ఊరు, ఎప్పుడు మూతపడింది, సామాను ఎవరు కొన్నారు, రసీదుందా? నిజంగా స్కూల్లోంచి తెచ్చినవాడు ఆ ఊరి పేరు ఠక్కున చెబుతాడు.

ఇంకొకటి, దయచేసి గుర్తుపెట్టుకోండి. అసలువని తేలితే మాత్రం రంగు గీకించకండి. ఆ పెచ్చులూడిన ఆకుపచ్చ రంగుకే సగం విలువ. పౌడర్ కోటింగ్ చేయించి మెరిపించిన కుర్చీని ఏ మ్యూజియమూ, ఏ పెద్ద గ్యాలరీ పట్టించుకోదు.

---

లెక్కలమాస్టారు (హైదరాబాద్)

నేను రిటైర్డ్ టీచర్ని. అందరూ మంచి విషయాలే చెబుతున్నారు, నేనొక మాట అడుగుతాను, తప్పుగా అనుకోకండి.

పిల్లలు కూర్చోవడానికి, హాస్టల్ గదుల్లో వేయడానికి, ఆఫీసుల్లో గుమాస్తాలకి చేసిన కుర్చీలు కదా ఇవి. తక్కువ లోహంతో, తక్కువ ఖర్చుతో ఎక్కువమందికి అందాలనే కదా ఆయన అంత తాపత్రయపడింది. ఇప్పుడవి కోటీశ్వరుల హాళ్లలో తాడు కట్టి చూపించే వస్తువులైపోయాయి. అది చేసినవాడి ఆశయానికే విరుద్ధం కాదా? ఒక స్కూలు కుర్చీకి లక్షా డెబ్భై ఎనభై వేలు పెట్టడాన్ని ఎలా సమర్థించుకుంటారు? నిజంగా తెలుసుకుందామనే అడుగుతున్నాను.

---

పాతసామాను (పారిస్)

మాస్టారూ, మీ ప్రశ్న న్యాయమైనది. ఇది నన్నూ చాలాకాలం బాధపెట్టింది.

1944లో లొరేన్ ప్రాంతంలో బాంబుల వల్ల ఇళ్లు పోయినవాళ్ల కోసం ప్రూవే విడదీయగలిగే చిన్న ఇళ్లు చేశాడు. ఆరు మీటర్లకి ఆరు మీటర్లు. కొద్దిమంది కలిస్తే ఒక రోజులో నిలబెట్టేయొచ్చు. ఈ రోజు అవే ఇళ్లు ఆర్ట్ ఫెయిర్లలో అమ్ముడవుతున్నాయి. ఆఫ్రికా వేడి కోసం చేసిన ట్రాపికల్ హౌస్ ఒకటి 1949లో నైజర్‌లోని నియామేకి, రెండు 1951లో కాంగోలోని బ్రాజావిల్‌కి వెళ్లాయి. దాదాపు యాభై ఏళ్ల తర్వాత పారిస్ డీలర్ ఒకరు వాటిని ఫ్రాన్స్‌కి తెచ్చారు. బ్రాజావిల్ నుంచి తెచ్చినవాటి మీద అంతర్యుద్ధంలో తగిలిన తూటాల రంధ్రాలున్నాయి. అందులో ఒక ఇల్లు 2007లో న్యూయార్క్ వేలంలో సుమారు 50 లక్షల డాలర్లు పలికింది.

ఒక పక్క, తేకపోయి ఉంటే అవి తుక్కుకి పోయేవేమో. ఇంకో పక్క, అవి నిలబడ్డ ఊళ్లకి ఏం మిగిలింది? నాకు ఈ రెండూ నిజంగానే అనిపిస్తాయి. ధరని నేను సమర్థించను. కానీ ధర పెరిగాకే తుక్కు కొట్లో కోతకి పోవాల్సినవి ఆగాయన్నది మాత్రం కళ్లారా చూశాను.

---

సెక్టార్‌22 (చండీగఢ్)

మాస్టారి ప్రశ్నకి మన దేశంలోనే సమాధానం ఉంది. లేదా ఇంకా పెద్ద ప్రశ్న ఉంది. నాది గుంటూరు జిల్లా, ఆర్కిటెక్చర్ చదవడానికి ఇక్కడికి వచ్చి ఇక్కడే ఉండిపోయాను.

చండీగఢ్‌కి ప్లాన్ గీసిన ఆర్కిటెక్ట్ లె కార్బూజియే పేరు అందరికీ తెలుసు. ఆయన ఏడాదిలో కొన్ని వారాలు వచ్చి వెళ్లేవాడు. ఇక్కడ ఉండి రోజువారీ పని చేయించింది ఆయన కజిన్ పియెర్ జానెరె. 1951లో వచ్చి 1965 దాకా ఉన్నాడు. 1967లో జెనీవాలో పోయాడు. తర్వాత ఆయన కోరిక ప్రకారం అస్థికలు తెచ్చి ఇక్కడి సుఖ్నా సరస్సులో కలిపారు. సెక్టార్ 5లో ఆయన ఉన్న ఇల్లు ఇప్పుడు మ్యూజియం.

కొత్త రాజధాని. సెక్రటేరియట్, హైకోర్టు, అసెంబ్లీ, యూనివర్సిటీ, కాలేజీలు, లైబ్రరీలు. వీటన్నిటికీ వేల కుర్చీలు, బల్లలు, బీరువాలు కావాలి, కొనడానికి రెడీమేడ్‌గా ఏమీ లేదు. అందుకని జానెరె, ఆయన దగ్గర పనిచేసిన యూలీ చౌదరి లాంటి మన ఆర్కిటెక్టులు డ్రాయింగులు గీస్తే, ఇక్కడి వడ్రంగి షాపులు చేసిపెట్టాయి. టేకు, కొన్నిటికి శీషం. సీటుకీ వీపుకీ పేము అల్లిక. కాళ్లు తలకిందులైన ‘వి’ ఆకారంలో, కంపాస్ తెరిచినట్టు. ఆ కాలు చూస్తే చాలు, ఎవరైనా గుర్తుపడతారు.

ఆర్డర్లు ఒక్క షాపుకి ఇవ్వలేదు, చాలా షాపులకి పంచారు. అందుకే ఒకే డ్రాయింగ్ నుంచి వచ్చిన రెండు కుర్చీలు కొలతల్లో ఒకేలా ఉండవు. ఒకదాని చేయి కాస్త లావు, ఇంకోదాని వాలు కాస్త ఎక్కువ. విదేశాల్లో వాళ్లు దీన్ని లోపమనుకుని వెనక్కి పంపిన సందర్భాలు విన్నాను. ఏ వడ్రంగి చేయి తిరిగిన తీరు ఆ వడ్రంగిది, అంతే.

1980లు, 90లు వచ్చేసరికి స్టీలు బీరువాలూ, ఫోమ్ కుర్చీలూ గొప్ప అనిపించాయి. టేకు కుర్చీలు మేడ మీద, వరండాల్లో, వర్షంలో గుట్టలుగా పడి ఉండేవి. పనికిరానివని రాసేసి, ఆఫీసులే వేలం వేసి తుక్కు ధరకి అమ్మేశాయి. 90ల చివర్లో పారిస్ డీలర్లు కొందరు వచ్చి లాట్లు లాట్లుగా కొనుక్కెళ్లారు. శుభ్రం చేసి, గ్యాలరీల్లో పెట్టి, పుస్తకాలు వేయించి, వేల యూరోలకి అమ్మారు. ఊరి మ్యాపు పోత పోసిన మ్యాన్‌హోల్ మూతలు కూడా విదేశీ వేలాల్లో తేలాయి! పెరటి చెట్టు మందుకు పనికిరాదని మనవాళ్లు ఊరికే అనలేదు.

డీలర్లని తిట్టేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. వాళ్లు దొంగతనం చేయలేదు, ప్రభుత్వ వేలంలో రసీదుతో కొన్నారు. నాకు కోపం వచ్చేది, వరండాలో వానకి తడుస్తున్న కుర్చీ పక్క నుంచి రోజూ నడిచివెళ్లిన మన అధికారుల మీద.

---

లెక్కలమాస్టారు (హైదరాబాద్)

చాలా వివరంగా చెప్పారు, సంతోషం. మరి ఎగుమతి ఆపే చట్టం లేదా? విగ్రహాలకి ఉంది కదా.

---

సెక్టార్‌22 (చండీగఢ్)

1972 నాటి పురావస్తువుల చట్టం వందేళ్లు దాటినవాటికే వర్తిస్తుంది మాస్టారూ. చేతిరాత ప్రతులకైతే 75 ఏళ్లు. ఈ కుర్చీలు 1950ల, 60లవి. ఆ సందులోంచే ఇవన్నీ బయటికి పోయాయి. 2011లో కేంద్ర హోం శాఖ ఇలాంటి వారసత్వ సామాన్లు వేలం వేయొద్దని, అమ్మొద్దని ఆదేశమిచ్చింది. ఆ తర్వాత ఆఫీసుల్లో లెక్కలు తీయడం, నంబర్లు వేయడం మొదలైంది. 2016లో సెక్రటేరియట్, హైకోర్టు, అసెంబ్లీ ఉన్న క్యాపిటల్ కాంప్లెక్స్‌కి యునెస్కో గుర్తింపు వచ్చింది, కానీ అది కట్టడాలకి.

అప్పటికే బయటికి పోయినవి చేతులు మారుతూనే ఉన్నాయి. చాలా సామాన్ల మీద ఆఫీసు పేరు పొడి అక్షరాల్లో, పక్కన నంబరు, పెయింట్‌తో రాసి ఉంటాయి. స్టోర్‌కీపర్ లెక్క కోసం రాసుకున్న ఆ గీతలే ఇప్పుడు డీలర్ల క్యాటలాగుల్లో ప్రత్యేకంగా ఫొటో తీసి వేస్తున్నారు.

---

వెన్నెలకోన (ఎడిసన్, న్యూజెర్సీ)

భలే సమయానికి చూశాను ఈ థ్రెడ్. మా ఏరియాలో ఆన్‌లైన్‌లో ఒకరు ‘అసలైన చండీగఢ్ కుర్చీ’ అని రెండు పెట్టారు. జత 2,400 డాలర్లు. పెయింట్ నంబరు కూడా ఉంది. తీసుకోవచ్చా అక్కా, అన్నా, ఎవరైనా చెప్పండి.

---

పేముఅల్లిక (బెంగళూరు)

వెన్నెలా, నంబర్ చూసి ముచ్చటపడకు. స్టెన్సిల్, చిన్న డబ్బా పెయింట్ ఉంటే ఎవరైనా రాసేస్తారు. నేను పదేళ్ల నుంచి పాత కుర్చీల పేము మార్చే పని చేస్తున్నాను. మా దగ్గరికి చండీగఢ్ రకం కుర్చీలు వస్తుంటాయి, వాటిలో ఎక్కువ భాగం కొత్తగా చేసినవే. నేను ఏం చూస్తానో చెబుతాను.

ముందు పేము. పాత పేము ఉండటం శుభసూచకం అనుకుంటారు జనం. కాదు. పేము పదీ పదిహేనేళ్లకి తెగుతుంది, ఆఫీసులో వాడిన కుర్చీకి ఎన్నోసార్లు మార్చి ఉంటారు. పేము కొత్తదైతే తప్పు లేదు. నేను చూసేది పేము దూర్చే బెజ్జాలు. సీటు చట్రం చుట్టూ వరసగా ఉంటాయి. ఎన్నోసార్లు అల్లిన కుర్చీలో బెజ్జం అంచులు అరిగి నున్నబడి ఉంటాయి, కొన్ని కోలగా సాగి ఉంటాయి. పక్కపక్క బెజ్జాల మధ్య చెక్క చీలి, ఎవరో జిగురు పెట్టి అతికించిన గుర్తు ఉంటుంది. కొత్తగా చేసి పాతదనిపించే కుర్చీలో పైన మరకలు, గీతలు బోలెడు పెడతారు, బెజ్జాలు మాత్రం నిన్న డ్రిల్ చేసినట్టు పదునుగా ఉంటాయి. అక్కడ వేలు పెట్టి చూడు.

రెండోది అరుగుదల. మనిషి చేయి ఎక్కడ పడుతుందో అక్కడే చెక్క నల్లబడి నున్నబడాలి. చేతుల ముందు కొసలు, వీపు పైఅంచు వెనకవైపు (కుర్చీ లాగేటప్పుడు పట్టుకునేది అక్కడే), ముందు కాళ్ల కింద మడమ తగిలే చోటు. ఒళ్లంతా ఒకే రకంగా అరిగి ఉంటే అది మనిషి వాడి అరిగింది కాదు.

మూడోది కాళ్ల అడుగు. నీళ్లు పోసి కడిగే గచ్చు మీద ఏళ్ల తరబడి నిలబడ్డ టేకు కాలు కింద రెండు మూడు అంగుళాల దాకా రంగు మారి, నారలు విచ్చి ఉంటాయి. ఈ మూడూ ఫొటో తీసి పంపమను.

---

వెన్నెలకోన (ఎడిసన్, న్యూజెర్సీ)

థాంక్యూ అక్కా. అడిగాను. కాళ్ల అడుగు ఫొటో పంపాడు, బెజ్జాల ఫొటో అడిగితే రెండు రోజులుగా జవాబు లేదు. వదిలేస్తున్నాను. నాకు అసలుదే కావాలని పట్టింపు లేదు, ఆ ఆకారం ఇష్టం. కొత్తవి నిజాయితీగా చేసేవాళ్లు ఎవరైనా ఉన్నారా?

---

పేముఅల్లిక (బెంగళూరు)

ఉన్నారు. మా బెంగళూరులోనే ఫాంటమ్ హ్యాండ్స్ అనే సంస్థ చండీగఢ్ డిజైన్లని చేతిపనితో తిరిగి చేస్తోంది, కొత్తవనే చెప్పి అమ్ముతుంది. ఇటలీ కంపెనీ కసీనా కూడా జానెరె పేరిట 2019 నుంచి ఒక వరస చేస్తోంది. ధర తక్కువేం కాదు, కానీ ఏం కొంటున్నావో నీకు తెలుస్తుంది.

---

పాతసామాను (పారిస్)

పేముఅల్లిక గారూ, బెజ్జాల మాట నేను నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఇక్కడి నిపుణులు కూడా ఇంత సూటిగా చెప్పరు.

ఎవరి డిజైన్ అనే దాని గురించి ఒక విషయం. కొనేవాళ్లు దీని దగ్గర ఎక్కువగా దెబ్బతింటారు. ఆవు తోలు పరిచిన, వంపు తిరిగిన పడక కుర్చీ చూసే ఉంటారు, చాలాకాలం అందరూ ‘కార్బూజియే కుర్చీ’ అనేవారు. 1928లో ఆ పని చేసినప్పుడు ఆయన ఆఫీసులో ఫర్నిచర్ చూసింది షార్లొట్ పెరియాన్. అప్పటికి ఆమెకి పాతికేళ్లు. అంతకు ముందు ఏడాది ఉద్యోగం అడగడానికి వెళ్తే, మేమిక్కడ దిండ్ల మీద కుట్టుపూలు వేయం అని పంపేశాడాయన. తర్వాత పారిస్‌లో సలోన్ అనే కళా ప్రదర్శనలో ఆమె పెట్టిన ‘పైకప్పు కింద బార్’ చూసి, తనే పిలిచి పని ఇచ్చాడు. ఇప్పుడు కసీనా ముగ్గురి పేర్లూ వేస్తోంది: కార్బూజియే, జానెరె, పెరియాన్.

ఇన్నాళ్లూ పేరు దక్కని మనిషికి పేరు రావడం మంచిదే. కానీ మార్కెట్ ఇప్పుడు ఇంకో చివరికి పోయింది. లేజార్క్ అనే మంచు కొండల రిసార్ట్ పెరియాన్ ఆధ్వర్యంలో కట్టారు. అక్కడ వాడిన గొట్టం, తోలు కుర్చీలని ‘పెరియాన్ డిజైన్’ అని రోజూ అమ్ముతున్నారు. అవి ఇటలీలో వేరే కంపెనీ చేసినవి, ఆమె ఆ భవనాల కోసం ఎంచుకుంది, అంతే. మంచి కుర్చీలే, కొనండి. పెరియాన్ ధర మాత్రం పెట్టకండి.

మన దేశం మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. చండీగఢ్‌కి ఇరవై ఏళ్ల ముందే ఇండోర్ మహారాజు యశ్వంతరావు హోల్కర్ తన మాణిక్ బాగ్ ప్యాలెస్ నిండా ఇలాంటి ఫర్నిచరే పెట్టించాడు. ప్యాలెస్ కట్టింది జర్మన్ ఆర్కిటెక్ట్ ఎకార్ట్ ముతేసియుస్, 1930ల మొదట్లో. చాలా సామాను పారిస్ డిజైనర్లది: రుల్మాన్ బల్ల, ఐలీన్ గ్రే ట్రాన్సాట్ కుర్చీ, పెరియాన్ వాళ్ల పడక కుర్చీ, సోన్యో, అలిక్స్ కలిసి గాజు, లోహంతో చేసిన మంచం. 1980లో మొనాకోలో సోదబీస్ వేలంలో అవన్నీ చెల్లాచెదురయ్యాయి. ఆ భవనంలో ఇప్పుడు కస్టమ్స్, ఎక్సైజ్ శాఖ ఆఫీసు ఉంది.

ఐలీన్ గ్రే అంటే గుర్తొచ్చింది. ఆమె చేసిన ‘డ్రాగన్ల కుర్చీ’ 2009లో పారిస్‌లో క్రిస్టీస్ వేలంలో 2 కోట్ల 19 లక్షల యూరోలు పలికింది. దానితో పోలిస్తే మనం మాట్లాడుకుంటున్నవన్నీ చిల్లర.

---

చలికాలం (పారిస్)

నేను ఇక్కడ పీహెచ్‌డీ చేస్తూ సితె యూనివర్సితేర్ అనే విద్యార్థి హాస్టళ్ల ప్రాంగణంలో మెజోన్ ద లాండ్, అంటే భారతదేశం పేరిట ఉన్న హాస్టల్లో ఉండేదాన్ని. కొనే స్తోమత లేనివాళ్లకి నాదొక సలహా. అదే ప్రాంగణంలో 1933 నాటి స్విస్ హాస్టల్, 1959 నాటి బ్రెజిల్ హాస్టల్ ఉన్నాయి. మొదటిది కార్బూజియే, జానెరెలది, రెండోది బ్రెజిల్ ఆర్కిటెక్ట్ లూసియో కోస్టా, కార్బూజియేలది. రెండిటి గదుల ఫర్నిచర్‌లోనూ పెరియాన్ చేయి ఉంది. బయటివాళ్లు కూడా వెళ్లి చూడొచ్చు. ముందు ఆఫీసులో సమయం కనుక్కోండి.

వేలాల్లో పెద్ద ధరలు పలికే రంగురంగుల పుస్తకాల అరలు కూడా ఈ ప్రాంగణంలోని మెక్సికో, ట్యునీసియా హాస్టళ్ల కోసం 1952లో పెరియాన్ గీసినవే. వాటి లోహం పని ప్రూవే ఫ్యాక్టరీలో జరిగింది, రంగులకి చిత్రకారిణి సోనియా డెలోనే సాయం చేసింది. ఒక్కో విద్యార్థికి ఒక్కో అర. గదిని రెండుగా విడదీసే తడికలా కూడా పనికొచ్చేది. స్విస్ హాస్టల్ గదిలో నిలబడితే, ఎంత తక్కువ జాగాలో మనిషికి ఏమేం కావాలో ఎంత ఓపిగ్గా ఆలోచించారో కనిపిస్తుంది. మాస్టారూ, మీరు పారిస్ వస్తే నేనే దగ్గరుండి చూపిస్తాను.

---

లెక్కలమాస్టారు (హైదరాబాద్)

తప్పకుండా అమ్మా. మా మనవరాలు వచ్చే ఏడాది అటువైపు చదువుకి వెళ్లే ఆలోచనలో ఉంది.

---

గోదారిపిల్ల (లియోన్)

అందరికీ చాలా థాంక్స్. శనివారం మళ్లీ వెళ్లాం. వెనక నుంచి, కింద నుంచి ఫొటోలు పెడుతున్నాను. ఇప్పుడు తెలిసింది ఏంటంటే నాలుగూ ఒకే రకం కావు! రెండిటికి వెనక కాళ్లు వెడల్పాటి రేకువి, ఉక్కునగరం గారు చెప్పినట్టే. మిగతా రెండూ మొత్తం గొట్టాలే. స్కూలు పేరు అడిగితే ‘తూర్పు వైపు ఎక్కడో’ అన్నాడు.

---

ఉక్కునగరం (విశాఖపట్నం)

గొట్టాల జత పక్కన పెట్టేయండి. రేకు జత ఫొటో పెద్దది చేసి చూశాను. మడత బాగుంది, అంచు వెల్డింగ్ మాత్రం మరీ సమంగా, సన్నగా, నాణేలు పేర్చినట్టు ఉంది. ఇప్పటి టిగ్ వెల్డింగ్‌కి అలాంటి గీత వస్తుంది. సీటు కింద స్క్రూ తల ఆరు కోణాల నక్షత్రం, అంటే టోర్క్స్. అది 1967లో వచ్చింది. ఒక్క స్క్రూ ఎవరైనా మార్చి ఉండొచ్చు, కానీ ఎనిమిదికి ఎనిమిదీ అవే. పెచ్చులూడినచోట కింద తుప్పు ఉండాలి, ఇక్కడ తెల్లటి లోహం కనిపిస్తోంది. మడమ తగిలే ముందు గొట్టం మీద రంగు చెక్కుచెదరలేదు, ఎవరూ చేయి పెట్టని మూలల్లో ఊడింది. నాకు నమ్మకం కుదరడం లేదండీ.

---

పాతసామాను (పారిస్)

నాకూ అంతే. ఇక్కడ చట్టం మీ పక్షాన ఉంది, వాడుకోండి. 1981 నాటి డిక్రీ ప్రకారం, అమ్మేవాడు బిల్లు మీద ‘జాన్ ప్రూవే చేసినది’ అని షరతు లేకుండా రాస్తే అది హామీ కిందికి వస్తుంది. ‘ప్రూవే శైలిలో’ అని రాస్తే ఏ హామీ లేనట్టే. నోటి మాట వద్దు, మొదటి రకంగా బిల్లు రాసివ్వమని అడగండి. ఇంకా సందేహం ఉంటే వేలం సంస్థలు ఫొటో చూసి ఉచితంగా అంచనా చెబుతాయి.

గొట్టాల జత గురించి తొందరపడి పక్కన పెట్టొద్దు. సీటు కింద లేబుల్ గానీ ముద్ర గానీ ఉందేమో చూడండి. నాకు ముల్కా 510లా కనిపిస్తున్నాయి. యుద్ధం తర్వాత నుంచి ఫ్రాన్స్ స్కూళ్లలో కోటికి పైగా వేసిన కుర్చీ అది. గాస్టన్ కవాయోన్ డిజైన్. ఈ దేశంలో పెద్దవాళ్లెవర్ని అడిగినా దాంట్లో కూర్చునే చదువుకున్నామంటారు.

---

గోదారిపిల్ల (లియోన్)

ఫోన్ చేసి బిల్లు సంగతి అడిగాను. ‘ప్రూవే శైలిలో’ అనే రాస్తానన్నాడు. ఇంకో మాట లేకుండా వద్దన్నాను. గొట్టాల జత సీటు కింద చూడమంటే ముల్కా అని ఉందని ఆయనే చదివి చెప్పాడు. అవి ఒక్కోటి 45 యూరోలకి ఇస్తానంటున్నాడు. రెండూ తీసుకుందామనుకుంటున్నాను. ఒకదాని కాలు కింద తుప్పు ఉంది, రంగు వేయకుండా ఆపే మార్గం ఉందా?

---

ఉక్కునగరం (విశాఖపట్నం)

ఉంది. ఇత్తడి తీగల మెత్తటి బ్రష్‌తో వదులుగా ఉన్న తుప్పు మాత్రమే దులపండి, గట్టిగా రుద్దకండి. తడి గుడ్డ వాడొద్దు. పూర్తిగా ఆరిన రోజు చూసి మైక్రోక్రిస్టలైన్ వ్యాక్స్ పలచగా రాసి, అరగంట ఆగి మెత్తటి గుడ్డతో తుడవండి. మ్యూజియంల్లో లోహపు వస్తువులకి వాడేది అదే. ఏడాదికోసారి చేస్తే చాలు. కాలు చివర రబ్బరు తొడుగు పగిలి ఉంటే ముందది మార్చండి, తేమ అక్కడి నుంచే ఎక్కుతుంది. గొట్టం బయటి కొలత వెర్నియర్‌తో తీసి పెడితే సరిపోయే సైజు చెబుతాను.